కొరత ఎక్కడుందో చూసి కొనండి

తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టూ ఉన్నది నల్లరేగడి నేల. ఎక్కువ భాగం మెట్ట సేద్యమే. పత్తయినా జొన్నయినా ఈశాన్య రుతుపవనం కరుణిస్తేనే పండుతుంది. 1901లోనే కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టారంటే ఆ నేల సమస్య ఎంత పాతదో తెలుస్తుంది. వాన పడని ఏడు ఎరువు రెట్టింపు వేస్తే గింజ రెట్టింపు కాదని అక్కడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. జర్మనీలో కార్ల్ స్ప్రెంగెల్ ఆ సంగతినే 1828 ప్రాంతంలో సూత్రంగా రాశాడు, యూస్టస్ ఫాన్ లీబిగ్ దానికి ప్రచారం తెచ్చాడు. పంటకు కావలసినవాటిలో ఏది అన్నిటికన్నా కొరతగా ఉందో దిగుబడిని అదే నిర్ణయిస్తుంది, మిగతావి ఎంత పోసినా ఫలితం లేదు. కంప్యూటర్ల విషయంలో దీనికి దగ్గరి చుట్టం లాంటి సూత్రాన్ని 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పాడు. ఒక పనిలో 40 శాతం సమయం తినే భాగాన్ని రెండింతలు వేగంగా చేస్తే మొత్తం పని 1.25 రెట్లు మాత్రమే వేగవంతమవుతుంది. ఆ భాగాన్ని రెప్పపాటులో ముగించేలా చేసినా 1.67 రెట్లు దాటదు. మనం ముట్టుకోని 60 శాతం అక్కడే ఉంటుంది కదా.

ఈ సూత్రాలు ఇప్పుడు ఎందుకంటే, ఈ రెండు ఊళ్లలోనూ ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లు ఎక్కువ. కోవిల్‌పట్టిలో 1984 నుంచి నేషనల్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, విరుదునగర్ దగ్గర 1998లో కామరాజ్ ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలకు కూడా ఇది సొంత సీమే.  ఇలాంటి ఇళ్లలో పిల్లల చదువుకీ ఆటకీ పనికొస్తుందని ఒక గేమింగ్ ల్యాప్‌టాప్ కొంటారు. నాలుగు నెలలు తిరక్కుండానే ప్రశ్న మొదలవుతుంది: ర్యామ్ పెంచాలా, పెద్ద ఎస్‌ఎస్‌డీ వేయాలా, లేక మంచి ధర వస్తున్నప్పుడే దీన్ని అమ్మేసి పై మోడల్ తీసుకోవాలా? దీనికి జవాబు స్పెసిఫికేషన్ల పట్టికలో దొరకదని నా వాదన. ఆ యంత్రాన్ని ఇప్పుడు, ఆ గదిలో, ఆ ఆటలో ఏది ఆపుతోందో కొలిస్తేనే దొరుకుతుంది. అలా కొలిచినప్పుడు చాలాసార్లు ఆపేది అసలు మార్చలేని భాగమైనా అయి ఉంటుంది, పైసా ఖర్చు లేకుండా సరయ్యేదైనా అయి ఉంటుంది. డబ్బు పెట్టి మార్చదగినవి సాధారణంగా రెండే, అవీ అన్ని యంత్రాల్లో కాదు.

ముందు ఆట ఎలా నడుస్తుందో చూద్దాం. తెర మీద కదలికలా కనిపించేది వరసగా వచ్చే నిశ్చల చిత్రాలు, అవే ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకి ప్రాసెసర్ మొదట లెక్కలు వేస్తుంది: ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది, ఏమేం గీయాలి. ఆ జాబితా తీసుకుని గ్రాఫిక్స్ చిప్ బొమ్మ గీస్తుంది. ఇది ఒక ఫ్రేము గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతి ఫ్రేము లెక్కలో ఉంటుంది. అంటే ఇద్దరి సమయాలను కూడకూడదు, ఎవరు నెమ్మదో చూడాలి. ప్రాసెసర్‌కి 8 మిల్లీసెకన్లు, గ్రాఫిక్స్‌కి 16 మిల్లీసెకన్లు పడితే ఫ్రేము 16కే వస్తుంది, అంటే సెకనుకు సుమారు 60 ఫ్రేములు. ఇప్పుడు ప్రాసెసర్‌ని రెట్టింపు వేగం చేశామనుకోండి. ఒక్క ఫ్రేము కూడా పెరగదు. లీబిగ్ సూత్రం ఇక్కడ ఆమ్‌డాల్ సూత్రం కన్నా కఠినంగా పనిచేస్తుంది. ఆమ్‌డాల్ కనీసం పావు వంతు లాభమైనా మిగిల్చాడు.

ఎవరు నెమ్మదో కనిపెట్టడానికి డబ్బు అక్కర్లేదు. ఆట సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ని 1080 నుంచి 720కి దించి, అదే చోట అదే దృశ్యాన్ని మళ్లీ ఆడి చూడండి. గీయాల్సిన చుక్కలు సగం కన్నా ఎక్కువే తగ్గాయి కాబట్టి గ్రాఫిక్స్ చిప్ భారం తగ్గింది. ఫ్రేములు బాగా పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ చిప్‌దే, పెరగకపోతే ప్రాసెసర్‌దో దానికి అన్నం పెట్టే ర్యామ్‌దో. పరీక్షలో ఒక్కసారి ఒక్కటే మార్చాలి, ఒక్కో కొలత మూడుసార్లయినా తీసుకోవాలి. అదే యంత్రం మీద అదే ఆట రెండుసార్లు ఆడినా అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. ఆ ఊగిసలాట ఎంతో తెలియకుండా కొత్త భాగం వల్ల రెండు ఫ్రేములు పెరిగాయని మురిసిపోవడం అంకెలు చదవడం కాదు, కొన్న వస్తువుని సమర్థించుకోవడం.

అడ్డు గ్రాఫిక్స్ చిప్‌దే అని తేలితే చర్చ దాదాపు ముగిసినట్టే. దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ అది బోర్డుకి టంకం వేసి ఉంటుంది, మార్చడం కుదరదు. ఇక్కడే అమ్మేసి పై మోడల్ కొనాలన్న ఆలోచన పుడుతుంది. ఆ పై మోడల్‌ని కాస్త తరచి చూడాలి. ల్యాప్‌టాప్‌లకి వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ చిప్‌లో లెక్కలు వేసే కోర్లు 3072, 4070లో 4608. పట్టికలో చూస్తే యాభై శాతం ఎక్కువ. రెండింటిలోనూ గ్రాఫిక్స్ మెమరీ 8 జీబీనే. ఆ మెమరీతో చిప్‌ని కలిపే దారి వెడల్పు రెండింటికీ 128 బిట్లే, తయారీదారు ఇచ్చే పవర్ గరిష్ఠ హద్దు కూడా రెండింటికీ 115 వాట్లే. కోర్లు పెంచి మేతనీ కరెంటునీ పెంచకపోతే యాభై శాతం లాభం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంకో చిక్కు కూడా ఉంది. 4060 అన్న పేరుతోనే 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఏ హద్దుతోనైనా ల్యాప్‌టాప్ అమ్మవచ్చు. పలచటి ల్యాప్‌టాప్‌లో పెద్ద చిప్, లావుపాటి దానిలో చిన్న చిప్ కన్నా వెనకబడటం వింతేమీ కాదు. డబ్బాపైన ఉన్న పేరు చూసి మార్చుకునేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

గ్రాఫిక్స్ మెమరీ నిండిపోవడం వేరే జబ్బు, లక్షణాలు కూడా వేరు. సగటు ఫ్రేములు బాగానే ఉంటాయి, మలుపు తిరిగినప్పుడల్లా ఆట తడబడుతుంది. కారణం అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 4060 చిప్ తన సొంత మెమరీ నుంచి సెకనుకు 256 జీబీ చదవగలదు. అందులో చోటు చాలక కొంత బొమ్మ సరుకుని మామూలు ర్యామ్‌లో పెడితే, దాన్ని తెచ్చుకోవాల్సిన దారి సెకనుకు సుమారు 16 జీబీదే. అంటే పదహారో వంతు. మామూలు ర్యామ్‌ని 16 నుంచి 32కి పెంచినా ఆ దారి వెడల్పు మారదు. దీనికి మందు సెట్టింగ్స్‌లో టెక్స్చర్ నాణ్యతని ఒక మెట్టు దించడం, ఖర్చు సున్నా. 15 అంగుళాల తెర మీద ఆ మెట్టు తేడా కనిపెట్టడానికి బొమ్మని ఆపి వెతకాలి.

ఇక ర్యామ్. డబ్బు పెట్టడానికి అర్హత ఉన్న మొదటి చోటు ఇదే, కాకపోతే జనం అనుకునే కారణానికి కాదు. చాలామంది జీబీలే లెక్కపెడతారు. తక్కువ ధర మోడళ్లలో కంపెనీలు తరచుగా రెండు స్లాట్లున్న బోర్డులో ఒకే ర్యామ్ కర్ర పెట్టి అమ్ముతాయి. డీడీఆర్5 5600 కర్ర ఒకటి సెకనుకు గరిష్ఠంగా 44.8 జీబీ అందిస్తుంది, రెండు పెడితే 89.6. ప్రాసెసర్ అడ్డుగా ఉన్న ఆటల్లో ఆ తేడా ఫ్రేముల్లో కనిపిస్తుంది. సగటులో కన్నా తడబాట్లు తగ్గడంలో ఇంకా బాగా తెలుస్తుంది. డీడీఆర్5లో ఒక్క కర్రలోనే రెండు చానెళ్లున్నాయి, రెండోది దండగ అని కొందరు దుకాణదారులు చెబుతారు. చానెళ్లు రెండే, నిజమే. ఒక్కోటి 32 బిట్లది. రెండూ కలిపితే 64, పాత డీడీఆర్4 కర్ర ఒక్కదానికీ అంతే వెడల్పు. ప్రాసెసర్ తీసుకోగలిగేది 128. అంటే ఒక్క కర్రతో సగం దారి మూసి ఉన్నట్టే. విండోస్ టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే రెండు స్లాట్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయో అదే చెబుతుంది. రెండూ నిండి, మొత్తం 16 జీబీ ఉండి, ఆట ఆడుతున్నప్పుడు రెండు మూడు జీబీ ఖాళీగా మిగిలితే, 32 కొనడం వల్ల ఆటకి ఒరిగేది ఏమీ లేదు. ర్యామ్ బోర్డుకే టంకం వేసిన పలచటి మోడళ్లలో ఈ ప్రశ్నే పుట్టదు.

ఎస్‌ఎస్‌డీ సంగతి తొందరగా ముగించవచ్చు. పాత హార్డ్‌డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు తేడా అందరూ చూశారు. సెకనుకు నూటయాభై ఎంబీ లోపు ఉన్నది ఒక్క దెబ్బతో వేలల్లోకి వెళ్లింది. ఆ అనుభవాన్ని పట్టుకుని 3,500 ఎంబీ ఎస్‌ఎస్‌డీ తీసేసి 7,000 ఎంబీది పెడితే ఆట సగం సమయంలో తెరుచుకుంటుందనుకోవడం ఆమ్‌డాల్‌ని మరిచిపోవడమే. తెరుచుకునే సమయంలో ఎక్కువ భాగం కుదించిన ఫైళ్లని ప్రాసెసర్ విప్పడానికి పోతుంది. వేగం కోసం కొనక్కర్లేదు, చోటు కోసం కొనవచ్చు. బాల్డర్స్ గేట్ 3, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కోటి 150 జీబీ చోటు అడుగుతాయి. 512 జీబీ డిస్కులో విండోస్, కాలేజీ సాఫ్ట్‌వేర్ పోగా అలాంటివి రెండు పెట్టేసరికి ఇరుకు మొదలవుతుంది. రెండో ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంటే పాతదాన్ని పీకకుండా ఇంకొకటి పెట్టుకోవచ్చు. రెండోసారి డబ్బు పెట్టదగిన చోటు ఇదే.

ఇప్పుడు ఈ ఊళ్లకు సంబంధించిన అసలు విషయానికి వద్దాం. అది వేడి. ల్యాప్‌టాప్ సమీక్షలు చాలావరకు చల్లని గదుల్లో చేస్తారు. విరుదునగర్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నం ఏసీ లేని గది 38 డిగ్రీలుండటం మామూలు. చిప్ ఎంత వేడెక్కుతుందో నిర్ణయించే లెక్క చాలా సాదా: గది ఉష్ణోగ్రత మీద చిప్ ఎన్ని డిగ్రీలు పెరుగుతుందనేది అది వాడే వాట్లకు అనులోమంగా ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర తమను తామే నెమ్మదింపజేసుకుంటాయి. 25 డిగ్రీల గదిలో దానికి 75 డిగ్రీల వెసులుబాటుంది, 38 డిగ్రీల గదిలో 62 మాత్రమే. 62ని 75తో భాగిస్తే 0.83. అంటే సమీక్షలో 60 వాట్లు నిలకడగా వాడి హద్దుకు చేరిన ప్రాసెసర్ ఇక్కడ 50 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. యంత్రంలో లోపమేమీ లేకపోయినా సరే. కొన్న కొత్తలో జనవరిలో బాగా ఆడి మే నెలకి నెమ్మదించిందంటే చిప్ పాతబడలేదు, గోడ మీది క్యాలెండర్ మారింది.

అయితే దీనికి బెంబేలెత్తక్కర్లేదు. చిప్ వాడే పవర్ దాని వేగానికీ వోల్టేజీ వర్గానికీ అనులోమం. వేగం తగ్గిస్తే వోల్టేజీ కూడా తగ్గించవచ్చు. రెండూ కలిసి తగ్గే పరిధిలో పవర్ దాదాపు వేగం ఘనంలా మారుతుంది. 17 శాతం పవర్ కోల్పోతే వేగం కోల్పోయేది 6 శాతం చుట్టుపక్కల. అదే లెక్కని తిరగేస్తే ఇంకో లాభం ఉంది. ఫ్రేములకు 60 దగ్గర హద్దు పెడితే చిప్ అంత ఆయాసపడదు, ఫ్యాను మోత తగ్గుతుంది, గది కూడా తక్కువ వేడెక్కుతుంది. 180 వాట్లు లాగే ల్యాప్‌టాప్ అంటే చివరికి 180 వాట్ల హీటరే, లోపలికి వెళ్లిన కరెంటంతా వేడిగానే బయటికి వస్తుంది. తలుపులు మూసుకుని ఆడేవాడు తన గదినే వేడి చేసుకుంటున్నాడు. రోజుకు మూడు గంటల చొప్పున రెండు నెలలకు అది 32 యూనిట్లు, తమిళనాడు ప్రభుత్వం రెండు నెలలకోసారి ఇళ్లకు ఉచితంగా ఇస్తూ వచ్చిన 100 యూనిట్లలో మూడో వంతు.

వేడికి తోడు దుమ్ము. నైరుతి రుతుపవన కాలంలో ఈ ప్రాంతం పడమటి కనుమల వానచాటున ఉంటుంది, వాన రాదు గానీ గాలి వస్తుంది. కయత్తారు దగ్గర అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలి పొడి రేగడి మట్టిని లేపుతుంది. పత్తి మిల్లులున్న వీధుల్లో నూగు కూడా కలుస్తుంది. ల్యాప్‌టాప్ అడుగునుంచి గాలి పీల్చి పలచటి రాగి రెక్కల సందుల్లోంచి బయటికి ఊదుతుంది. నూగు ఆ సందుల్లో చిక్కుకుంటే దానిమీద మట్టి పేరుకుంటుంది. పరుపు మీద పెట్టి ఆడితే అడుగు రంధ్రాలే మూసుకుపోతాయి. ఫ్యాను శుభ్రం చేయించడం, వెనక అంచు కింద రెండు వేళ్ల ఎత్తు పెట్టడం, పాతబడిన యంత్రమైతే థర్మల్ పేస్ట్ మార్పించడం, ఇవన్నీ కలిపినా ఒక ర్యామ్ కర్ర ధర కావు. ల్యాగ్ అవుతోందని ఫిర్యాదు రాగానే ముందు చూడాల్సింది ఉష్ణోగ్రత అంకె, తర్వాతే మిగతావన్నీ. ఉష్ణోగ్రత 70, 80 దగ్గరుండి నెమ్మదిగా ఉందా, హద్దుకు ఆనుకుని నెమ్మదించిందా అన్నది ఉచితంగా దొరికే హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ప్రోగ్రాం చూపిస్తుంది.

ఇంత కొలత ఎందుకు, ఎనభై వేలు పెట్టి కొన్నప్పుడు ఇంకో ఎనిమిది వేలు పెడితే పోతుందా అని అడగవచ్చు. మనసు చేసే ఈ లెక్కని 1981లో ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ పరీక్షించి చూశారు. 15 డాలర్ల కాల్‌క్యులేటర్ మీద 5 డాలర్లు మిగులుతాయంటే ఇరవై నిమిషాల దూరంలోని దుకాణానికి వెళతామని 68 శాతం మంది చెప్పారు. అదే కాల్‌క్యులేటర్ ధర 125 డాలర్లుగా మార్చి అదే 5 డాలర్లు మిగులుతాయంటే వెళతామన్నది 29 శాతమే. మిగిలేది రెండుచోట్లా 5 డాలర్లే, పక్కనున్న పెద్ద అంకె దాన్ని చిన్నగా చూపించింది. ల్యాప్‌టాప్ ధర పక్కన ర్యామ్ ధర చిన్నదిగా కనిపించడం కూడా అంతే. ఎనిమిది వేలు సెమిస్టర్ పుస్తకాలకైనా బస్సు పాసుకైనా ఎనిమిది వేలే. పెట్టేసిన ఎనభై వేలు ఇక తిరిగిరావు, వాటిని ఈ లెక్కలోకి తేకూడదు. కొత్తగా పెట్టే రూపాయికి కొత్తగా ఎన్ని ఫ్రేములొస్తాయన్నదే ప్రశ్న. ఫ్రేముల విలువ కూడా మెట్టు మెట్టుకీ తగ్గుతుంది. 60 నుంచి 120కి వెళితే ఒక్కో ఫ్రేముకి 8.3 మిల్లీసెకన్లు ఆదా, 120 నుంచి 240కి వెళితే 4.2 మాత్రమే. రెండోసారి రెట్టింపు చేయడానికి మాత్రం చాలా ఎక్కువ ఖర్చవుతుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది: ముందుచూపు. రేపటి ఆటలు ఇంకా ఎక్కువ అడుగుతాయి, అప్పుడు ధరలు పెరిగితే? కంప్యూటర్ భాగాల ధరలు తగ్గుతూనే పోతాయన్న పాత నమ్మకాన్ని 2025 చివరి నెలలు దెబ్బతీశాయన్నది నిజమే. కృత్రిమ మేధ డేటాసెంటర్లు మెమరీ చిప్‌లని ఎగరేసుకుపోవడంతో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. వినియోగదారులకు క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని 2025 డిసెంబర్‌లో మైక్రాన్ ప్రకటించింది. కాబట్టి ఆగితే ఎప్పుడూ లాభమే అని చెప్పడం తప్పు. కానీ ఈ వాస్తవం ఒక స్లాట్ ఖాళీగా ఉన్నవాడికి త్వరపడమని చెబుతుంది, రెండు స్లాట్లూ నిండినవాడికి ఏమీ చెప్పదు. ధర పెరిగినప్పుడు అవసరం లేనిది కొంటే నష్టం కూడా పెరుగుతుంది. అమ్మి పై మోడల్ కొనే దారిలో ఇంకో ఖర్చు దాగి ఉంది. ఎనభై వేల బిల్లులో 18 శాతం జీఎస్టీ వాటా సుమారు 12,200 రూపాయలు. విద్యార్థికి అది ఏ రూపంలోనూ తిరిగి రాదు, పాతది కొనేవాడు దాన్ని లెక్కలోకి తీసుకోడు, కొత్త బిల్లు మీద ఇంకోసారి కట్టాలి.

మెషీన్ లెర్నింగ్ లాంటి పాఠాలకైనా పెద్ద గ్రాఫిక్స్ చిప్ కావాలి కదా అని తండ్రులకు చెప్పే కొడుకులుంటారు. సగం నిజమే. ఆ పాఠాల్లో పెద్ద మోడళ్లకి శిక్షణ ఇచ్చేటప్పుడు ముందు నిండేది గ్రాఫిక్స్ మెమరీ. 4060 నుంచి 4070కి వెళ్లినా ఆ 8 జీబీ మారదని ఇప్పుడే చూశాం. ఆ స్థాయి పని ఎప్పుడో వస్తే గూగుల్ కొలాబ్ లాంటిచోట్ల కొన్ని గంటల గ్రాఫిక్స్ చిప్ ఉచితంగా దొరుకుతుంది. కోడ్ రాయడానికీ సర్క్యూట్ సిమ్యులేషన్లకీ ఉన్న యంత్రమే ఎక్కువ.

వారంటీ గురించి ఒక్క మాట. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేసుకున్నంత మాత్రాన వారంటీ పోదని చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, విప్పేటప్పుడు ఏదైనా విరిగితే మాత్రం బాధ్యత మీదే. కంపెనీ మనిషి ఇంటికి వస్తాడా, మదురైకో తిరునెల్వేలికో మనమే మోసుకుపోవాలా అన్నది మీ పిన్‌కోడ్‌తో ముందే అడిగి తెలుసుకోండి. వంద కిలోమీటర్ల అవతలి సర్వీస్ సెంటర్ కూడా అప్‌గ్రేడ్ ధరలో భాగమే.

కాబట్టి ఈ వారం ఏమీ కొనకండి. ఫ్యాను శుభ్రం చేయించండి, ఒక మధ్యాహ్నం, ఒక తెల్లవారుజామున అదే ఆటని అదే చోట ఆడి ఉష్ణోగ్రత, ఫ్రేములు కాగితం మీద రాయండి, టాస్క్ మేనేజర్‌లో స్లాట్లు చూడండి. ఒక స్లాట్ ఖాళీగా ఉంటే ఉన్నదానికి సరిజోడు ర్యామ్ కర్ర ఒకటి తెచ్చి వేయండి. డిస్కు నిండితే రెండో ఎస్‌ఎస్‌డీ. ఈ రెండూ కాకపోతే, కొత్తగా కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌ని వారంటీ తీరేదాకా అలాగే వాడుకోవడమే సరైన నిర్ణయం.